బెల్లం, ఇద్దరు పిల్లలు, మూడు గేట్లు

పోయిన నెల మా పిన్ని కొడుకు కొంపల్లి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, మీ ఇంట్లో పిట్‌బుల్ ఉందిగా, మేమూ ఒకటి తెచ్చుకుందామనుకుంటున్నాం. మేడ్చల్ వైపు ఒకతను కుక్కపిల్లల్ని అమ్ముతున్నాడు. చెవులు కూడా అతనే కత్తిరించి ఇస్తాట్ట. బాబుకి తోడుగా ఉంటుంది, ఇంటికి కాపలా కూడా" అన్నాడు. వాళ్ల బాబుకి మూడేళ్లు. నేను ఆలోచించకుండానే వద్దనేశాను. "మరి మీరెలా పెంచుతున్నారు?" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. కానీ ఇక్కడ అమెరికాలో పొద్దున ఏడున్నర, ఒకళ్లకి లంచ్‌బాక్స్, ఒకళ్లకి డైపర్. ఆ హడావిడిలో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా కుక్క పేరు బెల్లం. అది మా ఇంటికి పిల్లలకంటే ముందొచ్చింది. 2016లో మేమింకా డాలస్ పక్కన అపార్ట్‌మెంట్లో ఉన్నాం. మావారికి చిన్నప్పటినుంచీ కుక్కలంటే ప్రాణం. తెనాలిలో వాళ్లింటి అరుగు మీద ఎప్పుడూ ఏదో ఒక వీధికుక్క పడుకునే ఉండేదట. నాకు వాటంటే ప్రత్యేకంగా ఇష్టమూ లేదు, భయమూ లేదు. ఓ శనివారం "ఊరికే చూసొద్దాం" అని దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి తీసుకెళ్లారు. ఏడాది వయసు, ముదురు బెల్లం రంగు, ఛాతీ మీద తెల్ల మచ్చ, ఒంటికి మించిన తల. బోను మీద కార్డులో పేరు బ్రౌనీ అనీ, జాతి ల్యాబ్రడార్ మిక్స్ అనీ ఉంది. కారెక్కించేలోపే మావారు పేరు మార్చేశారు. వెట్ (పశువైద్యుల) ఆఫీసులో మాత్రం ఇప్పటికీ "బెల్లా" అనే పిలుస్తారు. దిద్దడం మానేశాం.

ల్యాబ్ కాదని మాకు మొదటి వారమే అనుమానం. తర్వాత ఇల్లు కొనుక్కున్నాక, ఇన్సూరెన్స్ వాళ్లు కుక్క జాతి ఏమిటని అడిగితే అబద్ధం చెప్పడం ఇష్టంలేక చెంపలోపల పుల్లతో తుడిచి డీఎన్‌ఏ పరీక్షకి పంపాం. అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ కలిపి ముప్పావు వంతు, మిగతాది బాక్సర్. ఆ కంపెనీ మాకు పాలసీ ఇవ్వలేదు. జాతి అడగని కంపెనీ ఒకటి వెతుక్కున్నాం, కొంచెం ఎక్కువ కడుతున్నాం.

షెల్టర్ వాళ్లు కావాలని మోసం చేశారని నేననను. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పిట్‌బుల్, రాట్‌వైలర్, డాబర్‌మన్, చౌ అంటూ పెంచకూడని కుక్కల జాబితా ఉంటుంది, ల్యాబ్ మిక్స్ అని రాస్తే ఇంకో ఇంటి తలుపు తెరుచుకుంటుంది, అది నిజమే. కానీ చూసి చెప్పడం కూడా నిజంగా కష్టం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో షెల్టర్ సిబ్బంది అంచనాల్ని డీఎన్‌ఏతో పోల్చి చూశారు. నిజంగా పిట్‌బుల్ రక్తం ఉన్న కుక్కల్ని, చూసే మనిషిని బట్టి, 33 నుంచి 75 శాతం సార్లు మాత్రమే పట్టుకోగలిగారు. బొత్తిగా ఆ రక్తం లేనివాటికి ఆ పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు, కొందరైతే 48 శాతం దాకా. పేపర్లో "పిట్‌బుల్ దాడి" అని చదివినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. అలాగని దాడులన్నీ వేరే కుక్కలవే అని సరిపెట్టుకోను.

అసలు పిట్‌బుల్ అనేది ఒక్క జాతి కాదు. ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆట ఉండేది, 1835లో చట్టం చేసి ఆపారు. ఆ బుల్‌డాగుల్ని టెర్రియర్లతో కలిపి పుట్టించినవి కుక్కల పందేలకి పనికొచ్చాయి. అవే అమెరికా వచ్చాయి. ఇక్కడ జాతికుక్కల్ని నమోదుచేసే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ 1898లో అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్ అని పేరిచ్చి నమోదు చేసింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్‌కి ఆ పేరు నచ్చలేదేమో, 1936లో దాదాపు అవే కుక్కల్ని స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అని చేర్చుకుంది, 1972లో ముందు "అమెరికన్" తగిలించింది. పిట్‌బుల్ అన్న పేరుతో మాత్రం ఈనాటికీ చేర్చుకోలేదు. ఈ చరిత్రంతా ఎందుకు చెప్తున్నానంటే, దీన్ని తయారుచేసిన పని ఏమిటో మర్చిపోకూడదు. పట్టుకుంటే వదలకుండా ఉండటం, నొప్పికి వెనక్కి తగ్గకపోవడం, ఎదురుగా ఇంకో కుక్క ఉంటే రెచ్చిపోవడం. వీటికోసమే తరాల తరబడి ఏరి ఏరి పెంచారు.

ఈ కుక్క ఉన్నవాళ్లకి రెండు రకాల మనుషులు తగులుతారు. మొదటి రకం, "వీటి దవడ తాళం పడిపోతుందట, ఇక తియ్యలేరట, పిల్లలున్న ఇంట్లో ఎలా పెట్టుకున్నారండీ" అని మన ముందే పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్లు. దవడకి తాళం లాంటిదేమీ లేదు. దాని ఎముకలు అన్ని కుక్కల ఎముకల్లాంటివే. వదలకూడదన్న పట్టుదలే ఎక్కువ. రెండో రకం, కుక్కల పార్కుల్లో, అడాప్షన్ మేళాల్లో కనిపించేవాళ్లు. "పాతకాలంలో వీటిని ఆయా కుక్కలు అనేవారు తెలుసా, పిల్లల్ని వీటికి వదిలేసి తల్లులు పనులు చేసుకునేవారు" అంటారు. దీనికి చరిత్రలో ఆధారమేమీ లేదు. నాకు మొదటి రకం మీద చిరాకు, రెండో రకం మీద కోపం. మొదటివాళ్ల మాటలవల్ల కుక్కకి ఇల్లు దొరకదు. రెండోవాళ్ల మాటలు నమ్మి ఎవరో ఒకరు ఏడాది పిల్లని కుక్క పక్కన పడుకోబెట్టి ఫొటో తీస్తారు.

"పెంపకాన్ని బట్టి ఉంటుందండీ, అంతే" అనే మాట కూడా సగమే నిజం. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ప్రకారం ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వాటా తొమ్మిది శాతమే. జాతి పేరు చూసి ఫలానా కుక్క స్వభావం చెప్పెయ్యలేమని దానర్థం. బాగానే ఉంది. కానీ స్వభావం ఒకటి, పళ్లు దిగితే ఏమవుతుందన్నది ఇంకొకటి. 1979 నుంచి 1998 దాకా అమెరికాలో కుక్కకాటుతో పోయినవాళ్లలో కుక్క జాతి తెలిసిన 238 మరణాలు తీసి చూస్తే కనీసం పాతిక జాతులు కనిపించాయి, కానీ సగానికి మించి పిట్‌బుల్ తరహావీ రాట్‌వైలర్లూ. పైన చెప్పిన గుర్తింపు పొరపాట్లు ఆ లెక్కలోనూ ఉంటాయి. అవి తీసేసినా మిగిలేది నాకు చాలు. మా పక్కింటావిడ చివావా చిటికీమాటికీ కరుస్తుంది, అందరూ నవ్వుతారు. బెల్లం ఇన్నేళ్లలో ఎవర్నీ కరవలేదు. కరిస్తే మాత్రం ఎవరూ నవ్వరు. మా ఇంటి పద్ధతులన్నీ ఆ ఒక్క "కరిస్తే" కోసం.

గ్యాస్ పొయ్యి ఎంత మంచి కంపెనీదైనా దాని పక్కన రెండేళ్ల పిల్లాణ్ణి వదిలి వెళ్లం కదా. నేను బెల్లాన్ని అలాగే చూస్తాను. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ మా ఇంట్లో రాదు. పిల్లలూ కుక్కా ఒకే గదిలో ఉంటే పెద్దవాళ్లెవరో ఒకరు అదే గదిలో, ఫోన్ చేతిలో లేకుండా ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా సరే, పిల్లాణ్ణయినా ఎత్తుకుపోవాలి, కుక్కనయినా గేటు అవతల పెట్టాలి. గేట్లు మూడున్నాయి. ఒకటి వంటింటికి, ఒకటి మెట్ల దగ్గర, ఒకటి లాండ్రీ గదికి. లాండ్రీ గదిలో దాని క్రేట్, అంటే అది పడుకునే బోను, ఉంటుంది. పిల్లలు ఆ గది గడప దాటకూడదు. అది బెల్లం ఇల్లు. కుక్కకి పిల్లలు రాలేని చోటు ఒకటి ఉంటే సగం గొడవలు పుట్టకముందే పోతాయి. అది విసుగొచ్చినప్పుడు తనంతట తనే అక్కడికి వెళ్లిపోతుంది. కరిచే కుక్కల్లో చాలావాటికి అలా వెళ్లిపోయే దారి ఉండదు.

మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మావారు ఇంటర్నెట్లో దొరికినవన్నీ చేశారు. పసిపిల్లల ఏడుపు రికార్డులు పెట్టడం, ఆస్పత్రి నుంచి పిల్లని చుట్టిన గుడ్డ ముందుగా తెచ్చి వాసన చూపించడం. పెద్ద ఉపయోగమున్నట్టు నాకనిపించలేదు. మొదటి ఆర్నెల్లు అసలు కష్టమే లేదు, పిల్ల ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. పాకడం మొదలుపెట్టాక తెలిసొచ్చింది. పాకే పిల్ల మొహం సరిగ్గా పడుకున్న కుక్క మొహం ఎత్తులో ఉంటుంది. కుక్క ఎముక నముల్తుంటే పోతుంది, నిద్రపోతుంటే పోతుంది, పాకుతూ వెళ్లి తోక పట్టుకుని లేచి నిలబడుతుంది. చిన్నపిల్లలకి కుక్కకాట్లు ఎక్కువగా తలమీదా మొహమ్మీదా మెడమీదా పడటానికి ఈ ఎత్తే కారణం. అవి చాలావరకు తెలిసిన కుక్కలవే, వీధిలో పోయేవి కావు.

అప్పుడే ఒక ట్రైనర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కుక్కకేమీ నేర్పలేదు, మాకు నేర్పింది. తినడానికేమీ లేకపోయినా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మొహం పక్కకి తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించడం, చెవులు వెనక్కి అతుక్కుపోవడం. ఇవన్నీ "నాకు బాగోలేదు, కాస్త జరగండి" అని అడగడమే. వాటిని పట్టించుకోకపోతే కుక్క బిగుసుకుపోతుంది, ఒక్క క్షణం కదలదు. ఆ తర్వాతే గుర్రుమనడం, ఆ తర్వాతే పళ్లు. ఇంటర్నెట్లో వచ్చే "ముద్దొచ్చే" వీడియోలు ఇప్పుడు చూడలేకపోతున్నాను. పిల్లాడు కుక్క మెడ చుట్టూ చేతులేసి వేలాడుతుంటాడు, కుక్క తెల్లగుడ్డు కనబడుతుంటుంది, కింద పదివేల మంది హృదయాలు పెడతారు. మా తమ్ముడు చెవులు కత్తిరించే సంగతి చెప్పినప్పుడు కూడా మొదట తోచిందిదే. దాని మాటలో సగం చెవుల్లోనే ఉంది. అవి కోసేస్తే మూడేళ్లవాడికి సరే, మనకే అర్థం కాదు.

పెద్దదానికి ఏడాది దాటాక మా అత్తయ్యగారు ఆర్నెల్లకి వచ్చారు. మొదట్లో బెల్లాన్ని చూసి సోఫా మీంచి కాళ్లు దించేవారు కాదు. రెండు వారాలు గడిచేసరికి మాకు తెలియకుండా పెరుగన్నం పెట్టడం మొదలైంది. ఒకరోజు బెల్లం గేటు అవతల ఎముకతో ఉంది, పిల్ల గేటు కడ్డీల్లోంచి చెయ్యి పెట్టబోయింది, బెల్లం గుర్రుమంది. అత్తయ్యగారు చీపురు తీసుకుని లేచారు. "చిన్నపిల్ల మీద గుర్రుమంటుందా, నాలుగు తగిలిస్తే మళ్లీ నోరెత్తదు" అన్నారు. నేను అడ్డుపడి, పిల్లని ఎత్తుకుని, బెల్లంతో "మంచిపని చేశావే" అన్నాను. ఆవిడకి నాకు పిచ్చెక్కిందేమోననిపించింది. సాయంత్రం కాఫీ తాగుతూ విడమరిచి చెప్పాను. గుర్రుమన్నందుకు కొడితే కుక్క కోపం తగ్గదండీ, గుర్రుమనడం మానేస్తుంది. రేపు హెచ్చరించకుండా నేరుగా కరుస్తుంది, అప్పుడు అందరం "ఉన్నట్టుండి కరిచింది" అంటాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ మావగారూ అంతే, అరిచినంతసేపు భయం లేదు" అన్నారు. ఆ తర్వాత చీపురు జోలికి పోలేదు.

ఆవిడ ఉన్నప్పుడే తెలిసింది, మన ఇళ్లలో అసలు ఇబ్బంది తిండి దగ్గర. అమెరికన్ పుస్తకాల్లో ఇది ఉండదు. వాళ్ల పిల్లలు కుర్చీలో బెల్టు పెట్టుకుని తింటారు. మనం పిల్ల వెనకాల గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ "అదిగో కాకి, ఇదిగో పిచ్చిక" అని ముద్దలు పెడతాం. కింద పడ్డ మెతుకు కోసం కుక్క వెనకే తిరుగుతుంది. పిల్ల చేతిలో ఎప్పుడూ జంతికో చేగోడీయో ఉంటుంది, అది సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది. కుక్క జంతిక లాక్కోబోయినా, పిల్ల తిరిగి లాక్కున్నా, మధ్యలో ఉన్నవి వేళ్లు. అందుకని మా ఇంట్లో తిండి అంటే కుర్చీ, గేటు వేసి ఉండటం. అత్తయ్యగారికి ఇది అన్నిటికంటే కష్టమనిపించింది. దానికి తోడు కుక్కలకి ఉల్లిపాయ విషం, కిస్‌మిస్ విషం. ఆ రెండూ లేని వంట మనకేముంది? పాయసంలో కిస్‌మిస్ ఒకటి జారి కింద పడినా వెతికి తియ్యాల్సిందే.

చుట్టాలు, స్నేహితులు వచ్చినప్పుడు బెల్లం కనబడదు. పైన మా పడగ్గదిలో, తలుపు గడియ వేసి, ఫ్యాను పెట్టి, నమలడానికేదో ఇచ్చి ఉంచుతాం. మా పిల్లలకి రూల్స్ తెలుసు, వాళ్ల స్నేహితులకి తెలియవు. పుట్టినరోజుకి పదిహేనుమంది పిల్లలు బెలూన్లు పగలగొడుతూ కీచుమంటూ పరుగెత్తితే నాకే ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది, కుక్కనని లాభమేముంది. ప్రతిసారీ ఎవరో ఒక అంకుల్ "ఏదీ మీ పులి, ఒక్కసారి తీసుకురండి చూద్దాం, మావాడికి కుక్కలంటే భయం లేదు" అంటారు. తీసుకురాం. చెడ్డపేరొచ్చినా పర్లేదు. దీపావళికి, జులై నాలుగుకి (ఇక్కడి స్వాతంత్ర్య దినం, టపాసులు కాలుస్తారు) కూడా అంతే. ఆ రాత్రులు మావారు దానితోపాటు ఆ గదిలోనే పడుకుంటారు.

రెండేళ్లు నిండాక బెల్లంలో ఇంకో మార్పు వచ్చింది. అప్పటిదాకా కుక్కలన్నిటితో ఆడేది. తర్వాత ఎదురుగా వచ్చే కుక్కని చూసి ముందుకి దూకడం మొదలుపెట్టింది. ఈ రకానికి పెద్దయ్యాక ఇలా కావడం మామూలేనని ట్రైనర్ చెప్పింది. కుక్కల పార్కు ఆరోజుతో బంద్. మనుషుల్ని ఏమీ అనదు కదా, పిల్లలకేం ప్రమాదం అనుకోవచ్చు. ప్రమాదం ఎక్కడంటే, పాతిక కిలోల కండ లీష్ (పట్టుకుని నడిపించే తాడు) చివర ఉంటే పట్టుకున్న ఏడేళ్ల పిల్ల దాని వెనకే ఈడ్చుకుపోతుంది. కుక్కలు రెండు కలబడితే మధ్యలో చెయ్యి పెట్టిన సొంత మనిషినే ఆ వేడిలో కరుస్తాయి. అందుకని లీష్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. పెద్దది దీనికి చాలాసార్లు ఏడ్చింది. ఏడవనీ. కుక్క పట్టు విడిపించడానికి దవడ పళ్ల వెనక దూర్చే పుల్ల ఒకటి ఉంటుంది, దాన్నీ వాకింగ్‌కి తీసుకెళ్లే సంచిలో పెట్టుకుంటాం. వాడే అవసరం రాలేదు.

పెద్దది దానికి చదివి వినిపిస్తుంది. గేటుకి ఇటు పక్క తను, అటు పక్క అది. చిన్నాడికి జ్వరమొచ్చిన రాత్రుల్లో వాడి గది బయట పడుకుంటుంది. చలికి వణుకుతుంది, ఒంటిమీద బొచ్చు పల్చన కదా, డిసెంబరులో స్వెటర్ వేస్తాం, అందులో దాని అవతారం చూడాలి. చర్మం అలర్జీలకి మా ఇద్దరి డాక్టరు ఖర్చుకంటే దానిదే ఎక్కువ. నాకు కుక్కలంటే ఇష్టం లేదని మొదట్లో రాశాను, అది 2016 మాట.

ఇక మా తమ్ముడి సంగతి. అమెరికాలో 2000 నుంచి 2009 దాకా కుక్కకాటుతో చనిపోయిన 256 మంది కేసుల్ని పోలీసులతోనూ డాక్టర్లతోనూ మాట్లాడి తవ్వి తీసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. వాళ్లు జాతి గురించి పెద్దగా తేల్చలేదు, కుక్క జాతి నమ్మకంగా చెప్పగలిగినవి 17.6 శాతమేనన్నారు. మిగతా పరిస్థితులు మాత్రం మళ్లీ మళ్లీ అవే. 87 శాతం కేసుల్లో అడ్డుపడగలిగే బలమున్న మనిషి దగ్గర లేడు. 84 శాతంలో కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. 76 శాతంలో కుక్క ఇంట్లోవాళ్లతో కలిసి బతకదు, గొలుసుతోనో బోనులోనో బయట ఉంటుంది. ఇవన్నీ మా తమ్ముడి ఇంటికి అన్వయించి చూస్తే నాకు భయమేసింది. ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, పగలంతా బాబు మా పిన్ని దగ్గర. పిన్నికి మోకాళ్ల నొప్పులు, పాతిక కిలోల కుక్కని ఆపలేదు. కాపలాకి అంటున్నాడు గనక గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తారు. "మగది, ఆడకుక్కలతో జత కట్టిస్తే డబ్బులు కూడా వస్తాయట" అన్నాడు గనక ఆపరేషన్ చేయించరు. తల్లిదండ్రుల్ని చూపించమని అమ్మేవాణ్ణి అడిగావా అంటే ఫొటో పంపాడట.

పైగా వాళ్ల వీధి. నేను వెళ్లినప్పుడల్లా చూస్తాను, గేటు తీస్తే చాలు నాలుగు వీధికుక్కలు. కుక్కని చూస్తే రెచ్చిపోయే జాతిని తీసుకుని రోజూ రెండుపూటలా వాటి మధ్యలోంచి నడిపించాలి. నడిపించలేక మేడమీద వదిలేస్తారు. హైదరాబాద్ మేలో డాబా మీద ఈ పల్చటి బొచ్చు కుక్క ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. తిరగని కుక్క, మనుషులు తెలియని కుక్క, ఒకరోజు గొలుసు తెంచుకుంటుంది.

లక్నోలో 2022లో ఇంటి పిట్‌బుల్ ఎనభై రెండేళ్ల పెద్దావిణ్ణి చంపేసిన వార్త వాడికీ గుర్తుంది. "అందుకేగా గవర్నమెంటు బ్యాన్ చేసింది, ఇప్పుడు మళ్లీ తీసేశారట" అన్నాడు. జరిగింది ఇది: 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్‌తో సహా 23 జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకి లేఖ రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఘాజియాబాద్ లాంటి కొన్ని ఊళ్లు సొంతంగా నిషేధం పెట్టుకున్నాయి. ఇక్కడ మా టెక్సాస్‌లో జాతి పేరు చెప్పి నిషేధించే అధికారం చట్టప్రకారం ఊళ్లకి లేదు. కొలరాడోలో డెన్వర్ 1989లో పెట్టిన నిషేధాన్ని 2020లో ఓటు వేసి ఎత్తేసి పర్మిట్ పద్ధతి తెచ్చింది. ఇంగ్లండులో 1991 నుంచి ఉన్న నిషేధం ఇంకా ఉంది, ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఇంకా పెద్ద రకాన్ని కొత్తగా చేర్చారు కూడా. నేను నిషేధాల పక్షం కాదు. కానీ చట్టం వద్దనలేదు గనక తెచ్చుకోవచ్చన్నది ఒక లెక్కేనా? మూడేళ్ల పిల్లాడున్న ఇంట్లో కుక్క కావాలంటే మెత్తటి స్వభావమని రెండు మూడేళ్లుగా తెలిసిన పెద్ద కుక్కని తెచ్చుకోమన్నాను, మన ఊరి కుక్కయితే ఇంకా మంచిది, అక్కడి ఎండకి అలవాటు పడింది. దానికీ గేటు పెట్టాలి. లేదంటే బాబుకి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగమన్నాను.

నన్నే ఎవరైనా ఇవాళ అడిగితే, ఇద్దరు చిన్నపిల్లలతో షెల్టర్‌కి వెళ్లి బెల్లం లాంటిదాన్ని మళ్లీ తెస్తావా అంటే, తేను. అది ముందొచ్చింది, పిల్లలు తర్వాతొచ్చారు, పిల్లలొచ్చారని దాన్ని వెనక్కి పంపే మనసు మాకు లేకపోయింది. దానికి మేం కడుతున్న మూల్యం ఈ గేట్లు, ఈ కాపలా, ఎక్కడికీ కలిసి ఊరెళ్లలేకపోవడం.

ఇప్పుడు దానికి పదేళ్లు. ఈ చలికాలం నుంచి వెనక కాళ్లు బిగుసుకుంటున్నాయి, లేవడానికి టైం పడుతోంది. వెట్ కీళ్లవాతం అన్నారు, రోజూ ఒక మాత్ర. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. నొప్పి ఉన్న కుక్కకి ఓపిక తగ్గుతుంది, ఇన్నాళ్లూ ఊరుకున్నదానికి ఇప్పుడు ఊరుకోకపోవచ్చు, చిన్నాడికి రెండున్నరేళ్లు గనక జాగ్రత్త ఇంకా పెంచండి అని. వాడేమో బెల్లం మీద కూర్చుని గుర్రమాడాలని చూసే వయసులో ఉన్నాడు. హాల్లో సోఫా పక్కన దాని మెత్త వేసి ఉండేది, దాన్ని లాండ్రీ గదిలోకి మార్చాం. మావారు నాలుగో గేటు ఆర్డర్ చేశారు, వరండా తలుపుకి. గురువారం వస్తుందట.